ఆరా తీసే ఆడవారు

తెలుగులో అపరాధ పరిశోధక నవల అనగానే పాఠకుడి కళ్లముందు నిలిచేది మగవాడి రూపమే. గత శతాబ్దపు తొలి దశకాల్లో వేంకట పార్వతీశ కవులు బెంగాలీ నుంచి తెచ్చిన అనువాదాలు మొదలుకొని, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఆ తరవాత మధుబాబు షాడో వరకు, అద్దె పుస్తకాల దుకాణాల్లో అట్టలు చిరిగేదాకా చేతులు మారిన కథల్లో చాలావాటిలో నేరాన్ని ఛేదించే పని అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా ఇల్లు కదలగలిగిన వాడికే దక్కింది. దీనికి పక్కగా ప్రపంచ సాహిత్యంలో మరొక పాయ సాగింది. నెత్తురును తెర వెనకే ఉంచి, నవ్వుకూ ఊరి ముచ్చట్లకూ చోటిచ్చి, పోలీసు ఉద్యోగి కాని ఒక స్త్రీ చేత చిక్కుముడి విప్పించే ఆ తరహాను కోజీ మిస్టరీ అని పిలుస్తారు. 1927లో ఒక చిన్నకథలో తొలిసారి కనిపించి 1930లో నవలకెక్కిన అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్, 1998లో అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ బోట్స్వానా నేపథ్యంలో నిలబెట్టిన ప్రెషస్ రమోత్స్వే ఆ కోవలోని వారే.

ఈ తరహా కథకు మూలబలం ఎవరూ లెక్కచేయని జ్ఞానం. మిస్ మార్పుల్ వేలిముద్రలు వెతకదు. అనుమానితుడి తీరు చూసి, తన పల్లెలో ఫలానా మనిషి ఫలానా సందర్భంలో ఇలాగే నడుచుకున్నాడని గుర్తు చేసుకుంటుంది, అల్లిక పట్టుకు కూర్చున్న ముసలావిడే కదా అని ఆమె ఎదుట అందరూ నోరు జారుతారు. పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికీ అందాలన్నది 1929లో రోనాల్డ్ నాక్స్ కూర్చిన పది నియమాల్లో ఒకటి. ఆధారాన్ని చూపించి కూడా దాచాలంటే రచయితకు ఒక మరుగు కావాలి, ఇక్కడ ఆ మరుగు హాస్యమే. వంటింటి కబుర్లకు నవ్వుకుంటూ పాఠకుడు దాటిపోయిన వాక్యంలోనే నేరస్థుడు దొరికిపోయి ఉంటాడు. ఇలాంటి కథలో నవ్వు ఆటవిడుపు కోసమే ఉంటుందనుకునే విమర్శకులు దాని పనితనాన్ని సగమే చూసినట్టు.

ఈ కథన పద్ధతికి తెలుగు నేలలో సరుకు కొరవేమీ లేదు. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడునే తీసుకుంటే, పూత మీదే మామిడి తోటను వ్యాపారికి అప్పగించడం, ఈదురుగాలికి కాయ రాలితే నష్టం ఎవరిదన్న తగువు, కోత అయ్యేదాకా పాకలో కాపలా, నున్న మార్కెట్‌కు లారీలు, ఇవన్నీ నేరానికి కావలసిన కారణాలనూ అవకాశాలనూ కలిగిస్తాయి. అలాంటి ఊరిలో దొంగతనం జరిగిన రాత్రి తాను బంధువుల ఇంట భోంచేసి చిన్న రసాలు ముక్కలుగా కోసుకు తిన్నానని ఒకడు చెబితే, పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు రాసుకుని ఊరుకోవచ్చు గాని, అక్కడి ఇల్లాలు ఊరుకోదు. పీచున్న రసాన్ని మెత్తగా నలిపి, ముచ్చిక తుంచి, జుర్రుకోవడమే ఆనవాయితీ. కత్తి పడేది బంగినపల్లికి. అలాగే గంపలోని కాయకు తొడిమ ఊడిపోయి, తొక్క మీద సొన చారలు కట్టి ఉంటే, అది చిక్కంతో కోసే అలవాటున్న చేయి కోసినది కాదని, తొందరలో ఎవరో గుంజినదని ఆమె చూడగానే చెప్పగలదు.

తెలుగులో ఇటువంటి స్త్రీ అసలు లేదనడమూ సరికాదు. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో గురజాడ పెంచి తిరగరాసిన కన్యాశుల్కాన్ని ఈ కోణంలో చదివితే, అందులో నిఖార్సయిన సరస నేరకథ ఒకటి బయటపడుతుంది. లుబ్ధావధాన్లు పెళ్లాడిన పిల్ల నిజానికి ఆడవేషం కట్టిన కుర్రవాడు, కరటకశాస్త్రి శిష్యుడు. పెళ్లికూతురు మాయం కాగానే ముసలివాడి మెడకు హత్యానేరం చుట్టుకుంటుంది. చచ్చినవారే లేని ఆ హత్య కేసులో వకీళ్లూ సాక్షులూ తలకిందులవుతుంటే, నాటకంలోని వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి నిజం చెప్పి, పనిలో పనిగా గిరీశం గుట్టూ రట్టు చేస్తుంది. ఈ పన్నాగం ఆమెకు ముందే తెలుసు కనుక కచ్చితమైన అర్థంలో ఆమె పరిశోధకురాలు కాదు. అయినా మాటల్లో పెట్టి మగవాళ్ల చేత కక్కించడం, విన్నదాన్ని దాచి అదును చూసి తీయడం, వేషం మార్చడం అనే మూడు విద్యల్లోనూ ఆమెకు సాటి రాగల డిటెక్టివ్ పాకెట్ నవలల్లో అరుదు.

ఆ వారసత్వాన్ని తరవాతి వారు పెద్దగా అందుకోలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా 1986లో జంధ్యాల తీసిన చంటబ్బాయ్‌కు వచ్చిన ఆదరణ, నవ్వించే డిటెక్టివ్‌ను తెలుగువారు అక్కున చేర్చుకుంటారని తేల్చింది, కాని అక్కడా పరిశోధకుడు పాండురంగారావే. 1995లో మొదలైన ఈటీవీ తొలినాళ్లలో ప్రసారం చేసిన లేడీ డిటెక్టివ్ ధారావాహిక స్త్రీకి ఆ పదవి ఇచ్చింది. అయితే పదవి లేకుండా, ఇరుగుపొరుగు పరిచయమే పెట్టుబడిగా ఆరా తీసే గృహిణికి తెలుగు నవలలో ఇంకా తగినంత చోటు దొరకలేదు.

ఇందుకు రచయితలు చెప్పుకోదగ్గ సాకు ఒకటుంది: మండీలోకి, ఠాణాలోకి, రాత్రిపూట కాపలా పాకలోకి ఆ గృహిణి ఎలా వెళ్లగలదు? వెళ్లనక్కర్లేదు. కాయలు ఏరి, వరిగడ్డి పరిచి పేర్చే కూలీల్లో ఆడవారుంటారు, లారీ వచ్చేదాకా వారి నోట తోట కబుర్లన్నీ నలుగుతాయి, సాయంత్రానికి అవి వీధి అరుగు చేరతాయి. ఇక ఇన్‌స్పెక్టరంటారా, వైశాఖంలో నూజివీడుకు బదిలీ అయి వచ్చినవాడు ఇంటివారికి రసాలు పంపాలన్నా, ఆవకాయకు కాయ కావాలన్నా, ఏది ఎక్కడ మంచిదో తెలిసిన ఆవిడ గుమ్మం తొక్కక తప్పదు.