కోటి గడుల ప్రార్థన

తెలుగునాట గుడి వీధిలో పుస్తకాల కొట్టుకు వెళ్లి రామకోటి పుస్తకం కావాలంటే, అదేమిటని ఎవరూ అడగరు. అట్ట మీద సీతారామలక్ష్మణులు, లోపల పేజీ నిండా చిన్న చిన్న గడులు. గడికొక్క ‘శ్రీరామ’. దీనికి పురోహితుడు అక్కర్లేదు, మంత్రోపదేశం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. అక్షరాలు దిద్దడం వచ్చిన ఎవరికైనా అందే సాధన ఇది. ఇంట్లో పెద్దవాళ్లు పొద్దుపోక రాసుకుంటున్నారులే అని చాలామంది అనుకుంటారు. దగ్గర కూర్చుని చూస్తే ఇందులో ఎంత నేర్పు ఉందో, ఆ నేర్పు వెనుక ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది.

జపం మూడు విధాలని పెద్దల మాట. పైకి వినిపించేది వాచికం, పెదవులు మాత్రమే కదిలేది ఉపాంశువు, లోలోపల సాగేది మానసికం. మూడింటిలోనూ మానసికమే గొప్పదంటారు. నిలుపుకోవడం కష్టమైనదీ అదే. నాలుగు నామాలు కాకముందే మనసు పొయ్యి మీది పాల దగ్గరికో, రావలసిన బాకీ దగ్గరికో వెళ్లిపోతుంది. అలాంటప్పుడు దానికి చేయి తోడొస్తుంది. ఇలా రాస్తూ చేసేదాన్నే లిఖిత జపం అంటారు. రిషీకేశ్‌లో దివ్య జీవన సంఘాన్ని స్థాపించిన స్వామి శివానంద (1887–1963) సాధకులకు దీన్ని ప్రత్యేకంగా బోధించారు. రాస్తున్నంతసేపూ కంటికీ, చేతికీ, మనసుకూ ఒకటే పని.

రాసే పద్ధతి తేలికే, పాటించడంలో ఉంది కష్టమంతా. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోవాలి. పుస్తకాన్ని చిన్న పీట మీదో వ్యాసపీఠం మీదో పెట్టుకుంటే వెన్ను వంగదు. ఆ సమయానికి మాటలు కట్టిపెట్టి, రాసే ప్రతి నామాన్నీ లోపల పలుకుకోవాలి. ఒక గడిలో నామం పూర్తయ్యాకే పక్క గడికి వెళ్లాలి. తొందరగా నింపేయాలని పేజీ అంతా ముందు శ్రీలు, తర్వాత రాలు, ఆఖరున మలు రాసుకుంటూ పోతే లెక్క కుదురుతుంది, నామం మాత్రం ఒక్కసారి కూడా పలికినట్టు కాదు. శకు గుడిదీర్ఘం, కింద క్రావడి, రకు దీర్ఘం, ఆపైన మ. ఈ వరుస తప్పకూడదు. మన అక్షరాలు గుండ్రనివి. కలాన్ని విసురుగా లాగేస్తే కుదరదు, ప్రతి మలుపూ తిరగాల్సిందే. కాసేపటికి ఊపిరి కూడా ఆ లయలో పడుతుంది.

ఒక అక్షరం తప్పుపోతే దాని గురించి మథనపడకుండా తర్వాతి గడిలో సరిగ్గా రాస్తే చాలు. ఎవరైనా పిలిస్తే చేతిలో ఉన్న నామం ముగించి లేవాలి. ఆ రోజు రాత ముగిశాక పేజీని ఒక్కసారి తేరిపార చూసుకోవడం మంచి అలవాటు. ఎక్కడ అక్షరాలు కుదురుగా ఉన్నాయో, ఎక్కడ గడి దాటి పక్కకు ఒరిగాయో కనబడుతుంది. ఒరిగిన చోట మనసు ఎటు పోయిందో రాసినవారికి గుర్తుంటుంది. ఇంత నిజాయితీగా మన మనసును మనకు చూపించే సాధనాలు తక్కువ.

ఇక కోటి సంగతి. నామానికి నాలుగు సెకన్లు వేసుకున్నా వెయ్యి నామాలకు గంటకు పైనే పడుతుంది. రోజుకు వెయ్యి చొప్పున కోటి పూర్తి కావాలంటే 10,000 రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. పేజీకి వంద గడులున్న 200 పేజీల పుస్తకాలైతే 500 కావాలి. పెద్దలు ఇంత పెద్ద సంఖ్య పెట్టడంలోనే కిటుకు ఉందని నా నమ్మకం. నూరో వెయ్యో అయితే ఎప్పుడు అయిపోతుందా అని చూస్తాం. కోటి దగ్గర ఆ ఆత్రం పనిచేయదు. ఈ పూటకు ఈ గడి మిగులుతుంది, అంతే. పని ముగించడమే లక్ష్యంగా బతికే మనకు, ముగింపు మీద చూపు లేకుండా ఒక పని చేయడం ఈ పుస్తకం నేర్పుతుంది.

నిండిన పుస్తకాలను చాలామంది భద్రాచలం తీసుకెళ్లి రాములవారి సన్నిధిలో సమర్పిస్తారు. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు, గోదావరి ఒడ్డున కట్టించిన ఆలయం అది. కొన్ని చోట్ల ఇలా రాసిన పుస్తకాలను లోపల నిక్షేపించి రామకోటి స్తూపాలు కట్టారు.

చేతిరాతను ప్రార్థనగా ఎంచిన వారు ఇతర దేశాల్లోనూ ఉన్నారు. జపాన్ బౌద్ధులు సూత్రగ్రంథాలను కుంచెతో నకలు రాయడాన్ని షాక్యో అంటారు. నారా నగరంలోని యాకుషీజీ ఆలయాధిపతి తకదా కోయిన్, ప్రజ్ఞాపారమితా హృదయసూత్రాన్ని రాసి కానుకతో పంపమని 1960ల చివర జనానికి పిలుపునిచ్చారు. పది లక్షల ప్రతులు లక్ష్యం. ఆ కానుకలతోనే ఆలయ ప్రధాన మందిరం 1976లో తిరిగి లేచింది. ఒక్కొక్కరు ఇంట్లో ఒంటరిగా చేసిన మౌన ప్రార్థన అందరికీ ఉపయోగపడే కట్టడమైంది.

మొదలుపెట్టాలనుకునేవారు కోటి గురించి ఆలోచించనక్కర్లేదు. రోజుకు 108 నామాలు చాలు, పది నిమిషాల పని. రాముడే కావాలనీ లేదు. శివనామం రాసేవారూ, ఇష్టదైవం పేరు రాసేవారూ ఉన్నారు. మీ ఇంటి అల్మారాలో అమ్మమ్మదో నాయనమ్మదో సగం నిండిన రామకోటి పుస్తకం ఉంటే కొత్తది కొనకండి. ఇంటివాళ్లంతా కలిసి ఒక కోటి పూర్తి చేయడం మనకు ఉన్న ఆచారమే. ఆవిడ ఆపిన గడి పక్క గడి నుంచి మీరు రాయండి.