క్షయ రోగకారకశక్తి - తెలుగు వైజ్ఞానిక వచనంలో యుద్ధరూపకం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్షయ సూక్ష్మజీవి రోగం కలిగించే తీరును వివరించేటప్పుడు తెలుగు వైజ్ఞానిక రచన తరచుగా ‘దాడి’, ‘శత్రువు’, ‘విషం’ అనే మాటలను ఆశ్రయిస్తుంది. ఈ పరిభాష ఆ సూక్ష్మజీవి స్వభావానికీ, పరిణామానికీ ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: క్షయ, రోగకారకశక్తి, రూపకం, పరిభాష, పరిణామం.

1. ఉపోద్ఘాతం:
క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఆయుర్వేదం ఈ లక్షణాలున్న వ్యాధిని ‘రాజయక్ష్మ’ అన్నది. దక్షుని శాపంవల్ల చంద్రుడు క్షీణించిన కథతో చరకసంహిత దాని పుట్టుకను ముడిపెట్టింది. ‘క్షయ’ అనే పేరు దేహం తరిగిపోవడాన్ని చెబుతుంది; కారకాన్ని చెప్పదు. కారకం తెలిశాక ఆ ఖాళీని యుద్ధ పరిభాష నింపింది. సూక్ష్మజీవి శత్రువయింది, దేహం కోట అయింది, తెల్లరక్తకణాలు సైనికులయ్యాయి. సామాన్య పాఠకునికి విషయాన్ని చేరవేయడంలో ఈ రూపకం చేసిన మేలు కాదనలేనిది. అయితే క్షయ విషయంలో అది మూడుచోట్ల పొసగదు.

2. కాపలా కణంలోనే కాపురం:
ఊపిరితోపాటు వాయుగోణులను చేరిన క్షయ సూక్ష్మజీవిని స్థూలభక్షక కణాలు మింగుతాయి. అలా మింగినదాన్ని జీర్ణంచేసే లైసోసోమ్‌లు తానున్న కోశంతో కలవకుండా సూక్ష్మజీవి అడ్డుకుంటుంది. తనను చంపవలసిన కణంలోనే నిలిచి వృద్ధి చెందుతుంది. ‘ఈఎస్‌ఎక్స్-1’ అనే స్రావక వ్యవస్థ ఇందుకు ముఖ్యమైన సాధనం. కాల్మెట్, గెరిన్ 1908-1921 మధ్య సుమారు 230 సార్లు పునఃసంవర్ధనం చేసి బలహీనపరచిన పశుక్షయ సూక్ష్మజీవే నేడు మన పసిబిడ్డలకు వేస్తున్న బీసీజీ టీకా. ఈ వ్యవస్థకు చెందిన జన్యుభాగం దానిలో లోపించిందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కోటగోడ బద్దలుకొట్టే సైన్యం అనే చిత్రంలో ఈ సహవాసానికి చోటు లేదు.

3. ‘విషం’ అనే మాట:
ఆంగ్లంలోని ‘వైరులెన్స్’ విషమనే అర్థమున్న లాటిన్ పదం నుండి పుట్టింది. దాన్ని ‘విషత్వం’ అని అనువదిస్తే ధనుర్వాతం, డిఫ్తీరియాల విషయంలో చెల్లుతుంది. ఆ రోగాలలో సూక్ష్మజీవి విడుదలచేసే ఒక విషపదార్థమే ప్రధాన హేతువు. క్షయలో ఊపిరితిత్తికి జరిగే నష్టంలో దేహం చూపే ప్రతిస్పందనకు పెద్ద పాలు ఉంది. హెచ్‌ఐవీ వల్ల రోగనిరోధకశక్తి బాగా సన్నగిల్లిన క్షయరోగుల ఊపిరితిత్తుల్లో గుల్లలు తక్కువగా కనిపించడం ఇందుకు నిదర్శనం. ఆ గుల్లల నుండే దగ్గుతోపాటు సూక్ష్మజీవులు విస్తారంగా వెలువడతాయి. అంటే దేహపు రక్షణ చర్యే సూక్ష్మజీవి వ్యాప్తికి దారి ఇస్తున్నది.

4. ‘బయటి శత్రువు’ అనే ఊహ:
పశువుల నుండి క్షయ మనిషికి సంక్రమించి, మానవ సూక్ష్మజీవిగా మారిందని చాలాకాలం భావించారు. 2002లో వెలువడిన జన్యుపటాల తులనాత్మక పరిశీలన దీన్ని తోసిపుచ్చింది. పశుక్షయ సూక్ష్మజీవి కోల్పోయిన జన్యుభాగాలు మానవ క్షయ సూక్ష్మజీవిలో నిలిచి ఉన్నాయి. కనుక మొదటిదాని నుండి రెండవది పుట్టే అవకాశం లేదు. పూర్వీకుల ఉపరితలంపై ఉండిన ఒక కొవ్వుపదార్థాన్ని కోల్పోవడంవల్ల ఈ జీవి నీటిని వికర్షించే గుణం పెరిగి, గాలిద్వారా వ్యాపించడం సులువైందని కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. కొత్త ఆయుధాలు సమకూర్చుకోవడమే పరిణామమని చెప్పే కథనానికి ఈ ‘క్షయం’ లొంగదు.

5. ముగింపు:
ప్రపంచ జనాభాలో సుమారు నాలుగోవంతు మందికి క్షయ సంక్రమణ జరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో జీవితకాలంలో రోగగ్రస్తులయ్యేది 5-10 శాతమే. యుద్ధరూపకంలో గెలుపు, ఓటమి తప్ప ఈ మధ్యస్థితికి పేరు లేదు. శత్రువును మోసేవాడు శత్రువుగానే కనిపిస్తాడు. రోగిని వెలివేసే చూపుకు భాష ఈ విధంగా తోడ్పడుతుంది. కనుక ‘విషత్వం’ బదులు ‘రోగకారకశక్తి’ని స్థిరపరచడం, ‘సంక్రమణ’ను ‘వ్యాధి’ నుండి వేరుచేసి వాడడం అవసరం. ‘కాపురం’ కూడా రూపకమే. అయితే ఇద్దరి పాత్రనూ చూపగల రూపకం అది. పాఠ్యరచయితలూ అనువాదకులూ పదాన్ని ఎంచుకునేముందు ఆ జీవి నడతను గమనించాలి.