పటంలో పల్లె ఎక్కడ? భూవినియోగ చట్టాలూ స్థానిక పాలనా – పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పరిశీలన

భూసంస్కరణల చట్టం గురించి మన కార్యకర్తలు గంటలకొద్దీ మాట్లాడగలరు. అత్యాచార నిరోధక చట్టం సెక్షన్లు చాలామందికి నోటికొచ్చు. మాస్టర్ ప్లాన్, జోనింగ్, లేఔట్ అనే మాటలు వస్తే మాత్రం 'అది ఇంజనీర్ల గొడవ, రియల్ ఎస్టేట్ వాళ్ల గొడవ' అని పక్కన పెట్టేస్తాం. ఇది పొరపాటని మేమంటున్నాం. ఏ నేల ఎవరికి, ఏ పనికి, ఎవరి ఇల్లు ఎవరి ఇంటికి ఎంత దూరం అన్న ప్రశ్న ఈ దేశంలో ఇంజనీర్లు పుట్టకముందే తేలిపోయింది. ఊరు ఒకచోట, మాలపల్లె మాదిగపల్లె ఇంకోచోట. దాన్ని ఏ శాసనసభా ఆమోదించలేదు, ఏ గెజిట్లోనూ అచ్చు కాలేదు. అయినా మన రాష్ట్రంలో అంత కచ్చితంగా అమలైన జోనింగ్ ఇంకొకటి లేదు.

మరి రాసిన చట్టాలు దీన్ని ఏం చేశాయి? 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన నగర ప్రణాళికా చట్టమే ఇక్కడి మాస్టర్ ప్లాన్లకు మూలం. తర్వాత 1965 మునిసిపాలిటీల చట్టం, 1975 పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 1994 పంచాయతీరాజ్ చట్టం, 2006 వ్యవసాయ భూమి మార్పిడి చట్టం, 2016 పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వచ్చాయి. ఈ వరస మొత్తంలో పల్లె అనేది ఒక ప్రణాళికా సమస్యగా కనిపించదు. ప్లాను గీసేవాళ్లు మొదట 'ప్రస్తుత భూవినియోగం' అని ఒక పటం తయారు చేస్తారు. నివాసానికి పసుపు, వ్యవసాయానికి పచ్చ, పరిశ్రమకు ఊదా. ఊరూ పసుపే, పల్లే పసుపే. పటం మీద కులం మాయమవుతుంది, నేల మీద ఉన్నచోటే ఉంటుంది. 'ప్రస్తుతం' అన్న ఒక్క మాటతో వందల ఏళ్ల వెలి అంతా సాంకేతిక వాస్తవంగా మారి, రేపటి ప్లానుకు పునాది అయిపోతుంది.

అమెరికాలో తెల్లవాళ్లు ఈ పనిని బాహాటంగా చేశారు. 1910లో బాల్టిమోర్ నగరం నల్లవాళ్లు ఏ వీధిలో ఉండాలో చట్టం చేసింది. అలాంటిదే లూయీవిల్ నగరం చేసిన చట్టాన్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత స్థలం కనీసం ఇంత ఉండాలి, ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండాలి అనే నిబంధనలతో అదే పని చాటుగా సాగింది. అక్కడ కొట్టేయడానికి ఒక చట్టమంటూ దొరికింది. ఇక్కడ కోర్టుకు తీసుకుపోదామంటే కాగితమే లేదు.

త్రిపురాంతకం దగ్గరికి వద్దాం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి గుడి. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరు. కాకతీయుల కాలపు శాసనాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. శాసనాల్లో భూమి ఇచ్చిన రాజు కనిపిస్తాడు, పుచ్చుకున్న దేవుడు కనిపిస్తాడు. దున్నినవాడి కోసం వెతుక్కోవాలి. మార్కాపురం, గిద్దలూరు వైపంతా 1970 దాకా కర్నూలు జిల్లా. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే (1972లో ప్రకాశం పేరు పెట్టారు) అందులో కలిపారు. 2025 చివర మార్కాపురం కేంద్రంగా మళ్లీ కొత్త జిల్లా వచ్చింది. ఎప్పుడూ ఏదో ఒక జిల్లాకు చివర ఉన్న మెట్ట ప్రాంతం ఇది. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ల కోసం ఒక తరం ఎదురుచూస్తూనే ముసలిదైపోయింది. ఇలాంటి చోట దళితుల చేతిలో భూమి అంటే ఎక్కువగా డీకేటీ పట్టా, లేకపోతే ఏ పట్టా లేని పోరంబోకు సాగు.

పోరంబోకు గురించి 1994 చట్టం 58వ సెక్షన్ ఏమంటుందో చూడాలి. రైత్వారీ ప్రాంతాల్లో మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందబయళ్లు, బండ్లదారులు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. ప్రభుత్వం తల్చుకుంటే వాటిని తిరిగి తప్పించనూవచ్చు. 'శ్మశానం' అని చట్టం అన్నంత మాత్రాన ఊళ్లో ఒకటే ఉంటుందా? ఊరి శ్మశానం వేరు, పల్లె శవాన్ని పూడ్చే చోటు వేరు. మొదటిది రికార్డులో శ్మశానంగా ఎక్కి ఉంటుంది. రెండోది చాలాచోట్ల వాగు పోరంబోకుగానో, బంజరుగానో ఉంటుంది. బంజరుగా ఉన్నదాన్ని సబ్ స్టేషన్‌కో గోడౌన్‌కో ఇచ్చేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు. పల్లె జనం శవాన్ని భుజాన వేసుకుని తహసీల్దారు కార్యాలయం ముందు కూర్చునేది ఇందుకే.

పంచాయతీలో మనవాళ్లు కూర్చుంటే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. పంచాయతీలను పొగిడేవాళ్లను ఉద్దేశించి అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరి గురించి ఎంత కటువుగా మాట్లాడారో మనకు తెలుసు. 73వ సవరణ తర్వాత జనాభా నిష్పత్తిలో రిజర్వేషన్ వచ్చింది, 1995 ఎన్నికల నుంచి దళిత సర్పంచులొచ్చారు. అది పోరాడి తెచ్చుకున్నదే, తక్కువ చెయ్యం. అయితే సర్పంచి చేతిలో నేల మీద అధికారం ఏం మిగిలిందో లెక్క చూసుకోవాలి. 2002 నిబంధనల ప్రకారం పంచాయతీలో లేఔట్‌కు సాంకేతిక ఆమోదం పట్టణ ప్రణాళికా శాఖది. 2006 చట్టం సాగుభూమిని ఇతర పనులకు మార్చే అనుమతి ఆర్డీవో చేతిలో పెట్టింది. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి ఊరు పోతే, అందుకు ఒక నోటిఫికేషన్ చాలు, ప్లాను మొత్తం ఆ సంస్థదే. పల్లెకు కుర్చీ అందిన కాలంలోనే కలం పైకి వెళ్లిపోయింది. ఇది యాదృచ్ఛికం కాదనేది మా అభిప్రాయం. ఎవరో కూర్చుని కుట్ర పన్నారని కూడా మేమనడం లేదు. అధికారం దళితుడి దగ్గరికొచ్చేసరికి దాన్ని 'సాంకేతికం' చెయ్యడం పాలకవర్గాలకు అలవాటైన పని.

ఇంకో సంగతి. త్రిపురాంతకం మండలం ఉన్న ఎర్రగొండపాలెం నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. 2022 నుంచి 2024 దాకా రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి మంత్రిగా ఉన్న ఆదిమూలపు సురేష్ అప్పుడు ఈ సీటు ఎమ్మెల్యేనే. పటాలన్నీ ఏ శాఖలో గీస్తారో ఆ శాఖకు ఈ నేల నుంచే ఒక దళితుడు మంత్రి. వ్యక్తిని తూచడం మా పని కాదు. ఆ కాలంలో కూడా 'ప్రస్తుత భూవినియోగం' అన్న మాటకు కొత్త అర్థం రాలేదని మాత్రం చెప్పాలి.

అసైన్డ్ భూముల కథ దీనికంటే ఘోరం. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నుంచి ఇచ్చిన పట్టాలకు అమ్మకూడదనే షరతు పెట్టారు. 1977 చట్టం అలాంటి అమ్మకాలు చెల్లవంది, పోయిన భూమిని అసలు పట్టాదారుకి తిరిగివ్వమంది. మంచిదే. 2007లో దాన్ని సవరించి, నోటిఫై చేసిన ప్రాంతాల్లో అలా వెనక్కి తీసుకున్న భూమిని ప్రజాప్రయోజనానికి వాడుకోవచ్చన్నారు. కొన్నవాడి నుంచి తీసుకున్నది పోగొట్టుకున్నవాడికి చేరాలి కదా, మధ్యలో 'ప్రజ' ఎవరు? 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. పన్నెండేళ్లు తిరక్కుండానే 2016లో అమరావతి భూసమీకరణకు వచ్చిన జీవో, పట్టా ఎకరానికి 1000 గజాల ఇంటిస్థలం అయితే అసైన్డ్ ఎకరానికి 800, కొన్ని తరగతులకు ఇంకా తక్కువ అంది. 2023లో మళ్లీ సవరణ. ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లకు బ్రేకు. దళితుడి భూమికి మిగతావాళ్ల భూమితో సమానమైన హక్కు ఉండాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. బోరుకు అప్పు పుట్టనివాడికి ముందుగా అమ్మే హక్కు ఇస్తే ఆ భూమి ఎటు పోతుందో అడగాల్సిన బాధ్యత కూడా మనదే.

జోన్ అనే మాట నిజ స్వరూపం అదే అమరావతిలో బయటపడింది. రాజధానిలో పేదలకు ఇంటిస్థలాలిస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందనే వాదన 2020లో కోర్టు దాకా పోయిందని రాష్ట్రమంతా చర్చ జరిగింది. 2022లో చట్టం సవరించి, 2023 మార్చిలో ఆర్-5 అనే జోన్ పుట్టించి, మేలో దాదాపు యాభైవేల మందికి పట్టాలిచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేసింది. ఇచ్చింది సెంటు స్థలం. దాంట్లోనూ పేదలందర్నీ ఒక జోన్‌లో కుప్ప పోశారు. వద్దన్నవాళ్లకు పేదలు నగరంలో ఉండకూడదు, ఇచ్చినవాళ్లకు నగరంలో ఒక మూల ఉంటే చాలు. రెండు పక్షాల మనసులోనూ ఉన్న పటం ఊరూ పల్లే.

పశ్చిమ ప్రకాశంలో ఇప్పుడు ఇదెందుకు ముఖ్యమో చూడండి. 2011లో గిద్దలూరు, 2020లో పొదిలి నగర పంచాయతీలయ్యాయి. నగరమైతే గొప్పే. కానీ ఉపాధి హామీ పని గ్రామీణ ప్రాంతాలకే, 2005 చట్టంలోనైనా, దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టంలోనైనా. నోటిఫికేషన్ వచ్చాక రోడ్డు పక్క స్థలమున్నవాడికి గజం ధర పెరుగుతుంది, పల్లెలో కూలికి జాబ్ కార్డు పోతుంది. రెండూ ఒకే చట్టం పనులే. అభ్యంతరాలు చెప్పమని గెజిట్లో వేస్తారు. గెజిట్ చదివే కూలీ ఎవరు?

కొత్త జిల్లా కేంద్రానికి కలెక్టరేటు కావాలి, పోలీసు కార్యాలయం కావాలి, బైపాసులు కావాలి, లేఔట్లు ఎలాగూ వస్తాయి. ప్రభుత్వం ముందు వెతికేది 'ప్రభుత్వ భూమి'నే. అంటే డీకేటీ పట్టాలు, పోరంబోకు సాగు, రికార్డుకెక్కని శ్మశానాలు. అందుకని ప్లాను గీయకముందే చేయాల్సిన పని ఉంది. మార్కాపురం, త్రిపురాంతకం, దోర్నాల, ఎర్రగొండపాలెం, గిద్దలూరు మండలాల్లో చదువుకునే పిల్లలు, పాఠాలు చెప్పే టీచర్లు తమ పల్లె అడంగల్, గ్రామ పటం, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితా సమాచార హక్కు కింద తెచ్చుకోవాలి. శవాలు పూడ్చే చోటు ఏ సర్వే నంబరులో ఉంది, ఏ పేరుతో ఉంది, దానికి పోయే దారి పటంలో ఉందా లేదా రాసుకోవాలి. లేకపోతే గ్రామసభలో తీర్మానం పెట్టి, నకలు సంతకంతో తీసుకోవాలి. ముసాయిదా ప్లాను వచ్చినరోజు అభ్యంతరానికి గడువు మొదలవుతుంది, ఆ రోజుకు ఈ కాగితాలు పల్లెలో ఉండాలి.