గడ్డి దారి, నగర దారి: బఖ్తియారీ వలసను చిత్రించిన రెండు యాత్రాకృతుల పరిశీలన

ఉపోద్ఘాతం:

పారశీక దేశ యాత్రాసాహిత్యంలో రెండు లోకాలు కనిపిస్తాయి. ఒకటి ఇస్ఫహాన్, షీరాజ్ వంటి చారిత్రక నగరాలది. మరొకటి జాగ్రోస్ పర్వతాలలో మందల వెంట సాగే సంచార పశుపాలకులది. నగరాన్ని చరిత్రగానూ, సంచారజీవనాన్ని ప్రకృతిగానూ చూడడం పాశ్చాత్య యాత్రికులలో పరిపాటి. నగరానికి రాజులు, శాసనాలు, తేదీలు ఉంటాయి. మందకు ఋతువులు మాత్రమే మిగులుతాయి. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడానికి బఖ్తియారీ తెగలను చిత్రించిన రెండు కృతులు అనువైనవి. మొదటిది 1925లో విడుదలైన ‘గ్రాస్’ అనే మూకీ చిత్రం. రెండవది 1928లో వెలువడిన వీటా సాక్‌విల్-వెస్ట్ యాత్రాగ్రంథం ‘ట్వెల్వ్ డేస్’.

‘గ్రాస్’: దృశ్యబలం, కథనలోపం:

బఖ్తియారీలు శీతకాలాన్ని ఖూజిస్తాన్ మైదానాలలోనూ, వేసవిని చహార్ మహల్ ఎగువభూములలోనూ గడుపుతారు. వసంతం ముగిసేలోగా కింద గడ్డి ఎండిపోతుంది. మంచు కరిగిన కొండలపైన కొత్త పచ్చిక మొలుస్తుంది. మెరియన్ సి. కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌సాక్, మార్గరెట్ హారిసన్ 1924లో ఈ వలసతో కలిసి నడిచి చిత్రాన్ని నిర్మించారు. గాలి నింపిన మేకతోలు తిత్తుల ఆధారంతో కారూన్ నదిని దాటే ఘట్టం, 4,200 మీటర్లకు పైబడిన జర్ద్ కూహ్ మంచులో వట్టికాళ్లతో బాట తవ్వుకుంటూ ఎక్కే ఘట్టం నేటికీ అబ్బురపరుస్తాయి. శ్రమను ఇంత దగ్గరగా చూపిన చిత్రాలు ఆ కాలంలో అరుదు.

అయితే దృశ్యం చూపినదాన్ని కథనం కుదించింది. చిత్రం తన అన్వేషణను ‘మరచిపోయిన జనం’ కోసం సాగినదిగా ప్రకటించుకుంటుంది. మరచినవారెవరన్న ప్రశ్న ఇక్కడ తప్పనిసరి. చిత్రీకరణకు పదిహేనేళ్ల ముందే, 1909 జనవరిలో, రాజ్యాంగోద్యమ పక్షాన బఖ్తియారీ సేనలు ఇస్ఫహాన్‌ను స్వాధీనం చేసుకున్నాయి. అదే ఏడాది జులైలో సర్దార్ అసద్ నాయకత్వంలో, ఉత్తరాది సేనలతో కలిసి తెహ్రాన్‌లో ప్రవేశించాయి. మహమ్మద్ అలీ షా సింహాసనం కోల్పోయాడు. 1911లో బఖ్తియారీ నాయకుడు సమ్సాముస్సల్తనా ప్రధానమంత్రి అయ్యాడు. దేశరాజధాని రాతను మార్చిన జనాన్ని కాలానికి అందని ఆదిమజాతిగా నిలపడానికి ఈ చరిత్రనంతా వదిలివేయవలసి వచ్చింది. ఆ పర్వతమార్గాన్ని దాటిన తొలి విదేశీయులు తామేనని ధ్రువపత్రం చూపి చిత్రం ముగుస్తుంది. వలస సాగించినవారి విజయం చివరికి చూడవచ్చినవారి ఖాతాలో జమ అయింది.

‘ట్వెల్వ్ డేస్’: ఎదురునడక:

సాక్‌విల్-వెస్ట్ 1927లో ఇస్ఫహాన్ వైపు నుండి బయలుదేరి బఖ్తియారీ కొండలను దాటి నైరుతి దిశగా నడిచింది. తెగలు మైదానం నుండి ఎగువకు వస్తుండగా ఆమె దిగువకు వెళుతోంది. ఈ ఎదురునడకే గ్రంథానికి బలం, పరిమితి కూడా. బలమెందుకంటే, తాను వలసలో భాగమన్న భ్రమకు ఇందులో చోటు లేదు. పరిమితి ఎందుకంటే, ఎదురైన మనిషి మాటగా మారకముందే దాటిపోతాడు. మిగిలేది ముఖచిత్రం మాత్రమే.

అయినా ఈ గ్రంథం ‘గ్రాస్’ దాచిన ఒక సత్యాన్ని బయటపెడుతుంది. యాత్ర ముగిసేది పచ్చికలో కాదు, చమురుక్షేత్రాలలో. 1908లో మస్జిదె సులేమాన్ వద్ద చమురు పడింది బఖ్తియారీల శీతకాలపు మేతభూములలోనే. అంతకుముందే, 1905లో, తెగ ఖాన్‌లు తమ భూమిలో పనిచేసే చమురు సంస్థలలో 3 శాతం వాటాకు ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇస్ఫహాన్–అహ్వాజ్ వర్తకమార్గంపై సుంకం కూడా వారికే చెందేది. ఆ ఆదాయంలో మంద తోలే సామాన్యుడికి దక్కినదెంత అన్న ప్రశ్న మాత్రం ఈ గ్రంథంలోనూ ప్రధానం కాలేదు.

నగరం, మంద: విడదీయరాని బంధం:

1598లో షా అబ్బాస్ రాజధానిగా చేసుకున్న ఇస్ఫహాన్ జాయందె రూద్ నీటితో బతికిన నగరం. ముప్పైమూడు కమానుల వంతెన కింద ప్రవహించిన ఆ నీరు పుట్టేది బఖ్తియారీల వేసవి పచ్చికబయళ్లున్న జర్ద్ కూహ్ ప్రాంతంలోనే. నగరవైభవం, మందల మేత ఒకే మంచుపై ఆధారపడ్డాయి. కనుక వీటిని వేర్వేరు లోకాలుగా వర్ణించడం భౌగోళికంగానే పొరపాటు.

రాజకీయంగానూ అంతే. 14వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్దూన్ సంచారసమూహాల సంఘబలం నుండి రాజ్యాలు పుట్టే తీరును సిద్ధాంతీకరించాడు. దీనికి తెలుగునేలపైనే ఉదాహరణ ఉంది. గోల్కొండ రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ ప్రాంతం నుండి వచ్చినవాడు. ‘నల్లగొర్రె’ అని అర్థమిచ్చే కరా కొయున్లు తుర్కమాన్ వంశీయుడు. ఆ వంశమే 1591లో హైదరాబాదును నిర్మించింది.

గొంతు ఎవరిది?

పశుపాలకుల కథకు తెలుగులో ఒక గీటురాయి కాటమరాజు కథ. పుల్లరి విషయమై నెల్లూరు పాలకునితో గొల్లలు చేసిన పోరు అందులో ఇతివృత్తం. అక్కడ గడ్డి కేవలం ప్రకృతి కాదు. హక్కు, పన్ను, మాటతప్పిన ఒడంబడిక. ఆ కథను పాడేవారు గొల్లల ఆశ్రిత గాయకులు కాబట్టి వాదం మందల పక్షం నుండి వినబడుతుంది. బఖ్తియారీలకూ అటువంటి గొంతు ఉంది. సర్దార్ అసద్ పూనికతో బఖ్తియారీ చరిత్ర రచన జరిగింది. ఆయన సోదరి బీబీ మరియం స్మృతులు రాసింది. ఇవి కులీన కుటుంబపు రచనలే అయినా, ‘మరచిపోయిన జనం’ అన్న మాటను పూర్వపక్షం చేయడానికి చాలు.

ముగింపు:

‘గ్రాస్’ దేహశ్రమను భద్రపరచింది, ‘ట్వెల్వ్ డేస్’ మారుతున్న భూమిని గుర్తించింది. 1930లలో రెజా షా ప్రభుత్వం సంచారులను బలవంతంగా స్థిరనివాసులను చేయ పూనుకుంది. సంచారజీవనం చరిత్రకు వెలుపలిదన్న భావనే ఆ విధానానికీ ఊతమిచ్చింది. యాత్రికుడు మెచ్చుకోలుగా అన్నమాటను పాలకుడు ఆజ్ఞగా మార్చగలడు. కాబట్టి ఇటువంటి కృతుల విలువను నిర్ణయించేటప్పుడు వర్ణనాసౌందర్యంతోపాటు, వర్ణితులకు చరిత్రలో ఏ స్థానం ఇచ్చారన్నదీ పరిశీలించడం విమర్శకుని బాధ్యత.