తండ్రియు కొడుకును - ఒక విమర్శనము

సంఘపెద్దయైనవాని బిడ్డ ఎదురుతిరిగినచో లోకము వెంటనే తీర్పు చెప్పును. తండ్రి అసమర్థుడని కొందరందురు. బిడ్డ దుష్టుడని కొందరందురు. ఈ రెండు తీర్పులును చాలవని తెలియగోరువారు చదువదగిన ఆంగ్లగ్రంథమొకటి కలదు. అది ఎడ్మండు గాస్ రచించిన "తండ్రియు కొడుకును" అను స్వీయకథ. 1907లో తొలుత గ్రంథకర్త పేరు లేకయే వెలువడెను.

ఇందలి తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ (1810-1888) సామాన్యుడు కాడు. సముద్రజీవులను గూర్చి పెక్కు గ్రంథములు వ్రాసిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. ఇంగ్లండునందలి డెవను సీమలో ప్లిమతు సహోదరుల సంఘమొకదానికి పెద్ద. ఆ సహోదరులు మనకు క్రొత్తవారు కారు. డెవను సీమనుండియే 1836లో మనదేశమునకు వచ్చిన బౌడెను, బీరు అనువారు నరసాపురము ప్రాంతమున సువార్త బోధించిరి.

కల్పితకథ చెప్పుటయు పాపమేయని యెంచిన యిల్లది. అందుచే బాలునకు కథలు లేకపోయెను. క్రిస్మసునాడు పనికత్తెలు జాలిపడి పెట్టిన భక్ష్యమును తింటినని బాలుడు భయపడి చెప్పుకొనగా, తండ్రి పరుగున పోయి మిగిలినదానిని బూడిదకుప్పలో పారవైచెను. విగ్రహారాధకులను దేవుడు దండించునని విని, అది చూతమని ఆ పసివాడు ఒకనాడు కుర్చీకి మ్రొక్కెను. ఏమియు జరుగలేదు. అతడు సందేహించినది దేవుని కాదు, తండ్రి జ్ఞానమును. ఈ ఘట్టములను గాస్ నవ్వు పుట్టునట్లు వ్రాసెను. కాని ఆ నవ్వు వెనుక నొప్పి కలదు.

1857లో తల్లి గతించెను. బాలుని పదియవయేట, పెద్దవారికివలె బాప్తిస్మమిచ్చి సంఘమున చేర్చుకొనిరి. నాటినుండి అతడు కుమారుడు మాత్రమే కాడు. తండ్రి పరిచర్యకు సాక్ష్యమయ్యెను. నా యభిప్రాయమున అనర్థమునకు మూలమిదియే. తండ్రికి ప్రేమ కొరవడలేదు. ఆ ప్రేమకు కొడుకు ఆత్మస్థితిని నిరంతరము పరీక్షించుట తప్ప వేరు మార్గము తెలియలేదు. 1867లో కొడుకు లండనునకు ఉద్యోగమునకు పోయిన పిదప, ఆ పరీక్ష ఉత్తరముల రూపమున వెంటాడెను.

తన యింటివారిని చక్కగా ఏలువాడే అధ్యక్షుడుగా ఉండదగునని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయము విధించుచున్నది. దీనిని బట్టి బిడ్డల విధేయతయే తండ్రి యోగ్యతాపత్రమని పలువురు తలంతురు. ఏలీ కుమారులు బలిమాంసమును అపహరించిరి, స్త్రీలను చెరచిరి. మాటలతో మందలించి ఊరకుండుట ఏలీ దోషము. ఎడ్మండు అట్టి దుష్కార్యమేదియు చేయలేదు. తన మనస్సుతో తాను ఆలోచించెను. దుర్నడతను అడ్డుట తండ్రి విధి. అంతఃకరణమును పట్టి వంచుట ఆ విధిలో చేరదు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని తండ్రి ఆస్తి పంచియిచ్చి పోనిచ్చెను. తిరిగివచ్చుచున్న కొడుకునకు ఎదురేగెను. సంఘపెద్దలు ఈ రెండు కథలను కలిపి చదువుట మేలు.

గ్రంథమున లోపము లేకపోలేదు. మృతుడైన తండ్రి బదులు చెప్పలేడు. కథ యంతయు కొడుకు వైపునుండియే నడచినది. ఆన్ థ్వైట్ 2002లో ప్రకటించిన ఫిలిప్ గాస్ జీవితచరిత్రమున ఆ తండ్రి ఇంతకంటె మృదువుగను, ఉల్లాసిగను కాన్పించును. కావున దీనిని న్యాయస్థానపు సాక్ష్యమువలె గాక, ఒక హృదయముయొక్క నివేదనగా గ్రహింపవలెను.

ఇది క్రైస్తవగృహములకు మాత్రమే చెందిన పాఠము కాదు. సంస్కరణాభిమానులమైన మనమును మన ఆదర్శములకు బిడ్డలను ప్రదర్శనవస్తువులుగా చేయుచుందుము. మొక్కై వంగనిది మానై వంగునాయని సామెత చెప్పుదుము. కాని మొక్కను వంచునపుడు, అది ఎండవైపునకు పెరుగుటకో, మన పందిరికి అందము కూర్చుటకో విచారింపవలెను. ఆ విచారణకు ఈ గ్రంథము మిక్కిలి తోడ్పడును.