ఊళ్లో కిరాయి ఇల్లు

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి దగ్గర హైవే దిగి లోపలి ఊళ్లలోకి వెళ్తే ‘టూ లెట్’ బోర్డు కనిపించడం అరుదు. ఖాళీ ఇళ్లు మాత్రం వీధివీధికీ ఉంటాయి. కింద ముసలి తల్లిదండ్రులుంటారు. పైన దుబాయి సంపాదనతో లేపిన అంతస్తుకు తాళం ఉంటుంది. పక్క సందులో గూనపెంకల ఇంటికీ తాళమే. వారసులు బతుకమ్మకు వచ్చి, దుమ్ము దులిపి, మళ్లీ హైదరాబాద్ బస్సెక్కుతారు. ఇన్ని తాళాలున్న చోట ఒక నర్సుకో, స్కూలు టీచరుకో రెండు గదులు దొరకడం కష్టమంటే పట్నంవాళ్లు నమ్మరు. డిచ్‌పల్లికి కొద్ది దూరంలోని ఒక చిన్న ఊళ్లో కిరాయికి ఉన్నవాణ్ని కాబట్టి ఆ కష్టం నాకు తెలుసు. దాన్ని దాటే దారి కూడా అక్కడే నేర్చుకున్నాను.

తెలంగాణ యూనివర్సిటీ పరిసరాల్లో సంగతి వేరు. 2006లో అది మొదలైనప్పటి నుంచి హైవే పొడవునా విద్యార్థుల కోసం గదులు కట్టి, మంచానికింత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు వచ్చారు. అది వ్యాపారం, అందులో తప్పేమీ లేదు. నేను చెప్పేది అక్కడి నుంచి పొలాల మధ్య దారి పట్టి వెళ్తే వచ్చే ఊళ్ల గురించి. అక్కడ ఇల్లు ఇవ్వడం వ్యాపారం కాదు. ఇంటివాళ్లకు డబ్బు అక్కర్లేదని కాదు గానీ, వాళ్లు చూసేది ముందుగా మనిషిని.

ఇల్లు కావాలంటే మొదట గ్రామ పంచాయతీ కారోబారును కలవాలి. ఇంటి పన్ను వసూలుకు తిరిగే మనిషి కాబట్టి ఏ ఇంటి నంబరు ఎవరిదో, ఎవరు పన్ను కట్టి తాళం వేసుకుని వెళ్లారో, ఏ ఇంట్లో అన్నదమ్ముల పంపకం తేలలేదో ఆయనకు నోటి మీద ఉంటుంది. ఈ చివరిది చాలా ముఖ్యం. పంచుకోని ఇంట్లో ఒక్క అన్న మాట మీద దిగితే, రెండో అన్న ఊరొచ్చిన రోజు సామాను వాకిట్లో ఉంటుంది. ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త. వాళ్లు ప్రతి ఇంటి గడపా తొక్కుతారు, ఏ ఇంట్లో మనిషి తోడు అవసరమో వాళ్లకు తెలుసు. నాకు ఇల్లు దొరికింది అలా తెలిసిన ఒక మాటతోనే.

ఆ ఇంటి పెద్దమ్మ నన్ను కిరాయి ఎంత ఇస్తావని అడగలేదు. “సారూ, మీరు రాత్రిళ్లు ఈడ్నే ఉంటరా, పొద్దుగూకంగనే నిజామాబాద్ పోతరా?” అని అడిగింది. ఉంటానన్నాను. “కొడుకు మస్కట్ల ఉండు. రాత్రి పానం మంచిగ లేకుంటె పిలిస్తె పలికెటోళ్లు కావాలె” అంది. ఆమె ఇంటి తలుపు ఎందుకు తెరిచిందో ఆ మాటతో నాకు అర్థమైంది. గల్ఫ్ వలస ఈ జిల్లా ఊళ్లకు కాంక్రీటు ఇళ్లు తెచ్చింది, వాటిలో ఉండాల్సిన మనుషుల్ని తీసుకెళ్లింది. పల్లె కిరాయి అసలు విలువ నెలనెలా చేతిలో పెట్టే నోట్లలో ఉండదు. రాత్రి పక్క గదిలో లైటు వెలుగుతుందన్న భరోసాలో ఉంటుంది.

అంత అవసరం ఉండి కూడా తాళాలు ఎందుకు తియ్యరు? నా లెక్కలో రెండు భయాలు.

మొదటిది చట్టం భయం. “పన్నెండేండ్లుంటె ఇల్లు ఆయనదే అయితదంట గదా” అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. ఇది ఊరికే పుట్టిన భయం కాదనుకుంటాను. ఇది ఒకప్పటి హైదరాబాద్ రాజ్యంలోని నేల. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది, తర్వాత అందులోని 38-ఇ సెక్షన్ కింద చాలామంది దున్నిన భూమికి యజమానులయ్యారు. అది న్యాయమైన చట్టం, ఎన్నో పేద కుటుంబాలను నిలబెట్టింది. కానీ భూమి ఉన్న ఇళ్లలో ‘ఒకరికిస్తే పోతుంది’ అన్న మాట తాతల నుంచి మనవలకు దిగి, పొలం నుంచి ఇంటికి పాకింది. ఆ చట్టం సాగు భూములకే, నివాసపు ఇళ్లకు దానితో సంబంధం లేదు. పన్నెండేళ్ల నిబంధన కూడా యజమాని హక్కును కాదని, అతనికి వ్యతిరేకంగా ఆస్తిని పట్టుకున్నవాడి విషయంలో వచ్చేది. కిరాయి కడుతూ ఉన్నవాడు యజమాని అనుమతితో ఉన్నట్టే లెక్క, ఎన్నేళ్లున్నా ఆ కారణంగా ఇల్లు అతనిది కాదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టమైతే పట్టణాలను, మున్సిపాలిటీలను ఉద్దేశించింది. పల్లెలో వర్తించేది ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరే మాట లేకపోతే నెలవారీ కిరాయిని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. సాధారణంగా అందరూ పదకొండు నెలల కాగితం రాసుకుంటారు. ఈ నాలుగు మాటలు కూర్చుని విడమరిచి చెబితే చాలా తాళాలు తెరుచుకుంటాయి. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని కిరాయిదారులు జంకుతారు. జంకనక్కర్లేదు, కాగితం ఇంటివాళ్లకే ఎక్కువ ధైర్యం.

ఆ కాగితంలో పట్నంలో ఎవరూ రాయని సంగతులు కొన్ని రాసుకోవాలి. కొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తే పై అంతస్తు సంగతేమిటి? వడ్లు వచ్చినప్పుడు, పసుపు ఉడకబెట్టి ఆరబోసేటప్పుడు వాకిలి ఎవరిది, బస్తాలు ఏ అర్రలో పెడతారు? ఇంట్లో పెళ్లయితే చుట్టాలకు గదులు వదలాలా? ఇవి ముందే మాట్లాడుకుంటే ఏ పేచీ ఉండదు. కరెంటు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. అది దాటితే మొత్తం యూనిట్లకూ బిల్లు పడుతుంది. ఇద్దరూ ఒకే మీటరు వాడుతూ మీరు ఎండాకాలంలో కూలరు రాత్రంతా వేస్తే పెద్దమ్మ జీరో బిల్లు పోతుంది. విడిగా మీటరు పెట్టించుకోవాలి, లేదా ఆ బిల్లు మీరే కడతామని మాటివ్వాలి. ఇక గూనపెంకల ఇల్లయితే కోతుల గురించి అడగకుండా దిగకండి. పెంకలు పీకితే సర్దించే పని ఎవరిదో వానాకాలానికి ముందే తేలాలి.

రెండో భయం ఊరి భయం. ఇది చెప్పడం కష్టం, చెప్పకపోవడం అన్యాయం. ఇల్లు చూపిస్తూ చూపిస్తూ “మీరేమిటోళ్లు?” అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే “చుట్టాలొస్తున్నరు సారూ” అంటారు. దళిత టీచర్లు, ముస్లిం ఉద్యోగులు ఈ మాట విని విని పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోవడమే మేలనుకుంటారు. అప్పుడు ఊరంతా “సార్లు ఊళ్లె ఉండరు” అని నింద వేస్తుంది. ఇంటివాళ్లలో కొందరికి సొంతంగా పట్టింపు లేకపోయినా నలుగురు ఏమంటారోనన్న జంకు ఉంటుంది. ఈ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు ఎంత బరువుందో, వాటి పేరుతో సాంఘిక బహిష్కరణ వార్తలు ఎన్నిసార్లు వచ్చాయో పేపరు చదివేవాళ్లకు తెలుసు.

మనిషి పుట్టుక చూసి ఇల్లు లేదనడం డిచ్‌పల్లికి తగిన పద్ధతి కాదు. కుష్ఠు వచ్చినవాళ్లను సొంత ఊళ్లు వెలివేసిన కాలంలో, 1915లో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ వాళ్ల కోసం ఇక్కడ విక్టోరియా ఆస్పత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్. ఒక క్రైస్తవ డాక్టరు పూనుకుంటే, ఒక హిందూ దాత చెయ్యిస్తే, ఎవరూ గడప ఎక్కనివ్వని మనుషులకు ఈ నేల మీద నీడ దొరికింది. అటు బోధన్, వర్ని వైపు చూస్తే, నిజాంసాగర్ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు వేసుకున్న క్యాంపులు ఇప్పుడు పూర్తి ఊళ్లే. బయటివాళ్లకు చోటిచ్చి ఎదిగిన జిల్లా ఇది.

కాబట్టి తాళం వేసిన ఇళ్లున్న అన్నలకు, అక్కలకు, గల్ఫ్‌లో ఉండి ఇది చదివేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరి బడికి కొత్తగా వచ్చిన టీచరును, సబ్ సెంటర్‌కు వచ్చిన నర్సును పిలిచి ఇల్లు చూపించండి. ఆధార్ చూడండి, ఎక్కడ పనిచేస్తారో కనుక్కోండి, పదకొండు నెలల కాగితం రాయించుకోండి. కులం మాత్రం అడగకండి.