హుస్సేన్ సాగర్‌లో చిరుగాలి పందెం

హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ పడవల పందెం చూడాలంటే గాలి పలచబడ్డ రోజే వెళ్లాలి. పొడవు 2.3 మీటర్లు, ఒకటే తెరచాప, నడిపేది పదిహేనేళ్లు దాటని పిల్లలు. గట్టిగాలికి కండబలం కావాలి. చిరుగాలికి కళ్లు కావాలి. నీటిమీద నల్లటి మచ్చలా అలలు లేస్తే గాలి అక్కడ దిగినట్టు. చుట్టూ భవనాలు కదా, గాలి నిలకడగా ఒక దిక్కున వీయదు. గాలి దిక్కు మారి, చుట్టిరావాల్సిన బోయా నుంచి పడవ ముక్కును పక్కకు నెడుతుంటే రెండోవైపు గాలి పట్టేలా తిప్పేయాలి; ఊరికే తిప్పితే ఉన్న వేగమూ పోతుంది. ఆరితేరిన పిల్ల, పడవ వెనకభాగం నీళ్లను ఈడ్వకుండా, ముందుకు జరుగుతుంది. తెరచాప తన బరువుతోనే ఒంపు తిరిగేలా పడవను కాస్త ఒరగనిస్తుంది. చుక్కానిని దాదాపు కదపదు, కదిపితే బ్రేకే. ఒడ్డున ఉన్నవాళ్లకు విసుగు పుట్టొచ్చు. నాకైతే క్రికెట్ చివరి ఓవర్‌కన్నా ఇదే ఉత్కంఠ.